అమ్మాయిల కార్ రేసింగ్: సీటు దాకా దారి, సీటు చుట్టూ కొలువులు

2019 ఫిబ్రవరిలో చెన్నై శివారు ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో జేమీ చాడ్విక్ అనే బ్రిటిష్ అమ్మాయి ఎంఆర్ఎఫ్ ఛాలెంజ్ టైటిల్ గెలిచింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. అబ్బాయిలతో కలిసి పోటీపడి ఆ సిరీస్ గెలుచుకున్న తొలి మహిళ ఆమే. అదే ఏడాది వేసవిలో అచ్చంగా మహిళల కోసమే పెట్టిన డబ్ల్యూ సిరీస్‌లో కూడా తొలి ఛాంపియన్ అయింది. 2021, 2022ల్లోనూ ఆ టైటిల్ ఆమెకే దక్కింది. అబ్బాయిలను ఓడించగలిగిన అమ్మాయికి మళ్లీ అమ్మాయిల పోటీ ఎందుకు? రేసింగ్‌ను కెరీర్‌గా ఎంచుకోవాలనుకునే అమ్మాయిలూ, వాళ్ల తల్లిదండ్రులూ ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే. జవాబు కండబలంలో దొరకదు, డబ్బులో దొరుకుతుంది.

ఫార్ములా వన్‌లో మహిళలు నడపకూడదన్న నిబంధన ఏదీ లేదు. 1958లోనే ఇటలీకి చెందిన మరియా తెరెసా డి ఫిలిప్పిస్ అందులో పోటీపడింది. 1975 స్పెయిన్ గ్రాండ్ ప్రీలో లెల్లా లొంబార్డి ఆరో స్థానంలో నిలిచింది. ప్రమాదం వల్ల రేసును మధ్యలోనే ఆపేయడంతో ఆమెకు సగం పాయింటే వచ్చింది. 1976 తర్వాత ఏ మహిళా ఫార్ములా వన్ రేసు మొదలుపెట్టలేదు. ఎందుకంటే అసలు కింది మెట్టు దగ్గరే అమ్మాయిలు చాలా తక్కువ. ఏడెనిమిదేళ్లకే కార్టింగ్ (చిన్న రేసు కార్ట్‌ల పోటీ) మొదలుపెట్టాలి. వారం వారం టైర్లు, ఇంజిన్ మరమ్మతులు, ప్రయాణాలు. ఇంట్లో ఒక్కరికే ఖర్చు పెట్టగలిగితే అది ఎక్కువగా కొడుక్కే వెళ్తుంది. పదిహేనేళ్లకు తర్వాతి మెట్టయిన ఫార్ములా 4 కారు ఎక్కే వేళకు స్పాన్సర్ కావాలి. అమ్మాయి మీద డబ్బు పెట్టడానికి స్పాన్సర్లు జంకుతారు. డబ్బు లేకపోతే టెస్టింగ్ ఉండదు, టెస్టింగ్ లేకపోతే వేగం రాదు, వేగం లేనివాళ్లకు స్పాన్సర్ దొరకడు.

డబ్ల్యూ సిరీస్ ఈ ముడిని ఒకే దెబ్బతో తెంచాలని చూసింది. డ్రైవర్ల దగ్గర పైసా తీసుకోలేదు. ఆస్ట్రియాలోని మెల్క్‌లో, స్పెయిన్‌లోని అల్మేరియాలో ట్రయల్స్ పెట్టి, ప్రతిభను చూసి ఎంపిక చేసింది. అందరికీ ఒకే రకం టాటుస్ ఫార్ములా 3 కార్లు ఇచ్చింది. పైగా విజేతకు 5 లక్షల డాలర్ల బహుమతి. అది మహిళలను వేరుచేసి కూర్చోబెట్టడమేనని సోఫియా ఫ్లోర్ష్, పిప్పా మాన్ లాంటి రేసర్లు మొదట్లోనే విమర్శించారు. ఆ అభ్యంతరంలో పస లేకపోలేదు. అయినా ఆబీ పుల్లింగ్ సంగతి చూస్తే నా మొగ్గు సిరీస్ వైపే. 2021లో డబ్బులు అయిపోయి బ్రిటిష్ ఫార్ములా 4 సీజన్‌ను మధ్యలో వదిలేసిన అమ్మాయి ఆమె. డబ్ల్యూ సిరీస్ పిలిచి కారు ఇవ్వకపోయి ఉంటే ఆమె పేరు మనం వినేవాళ్లం కాదు. 2024లో బ్రాండ్స్ హ్యాచ్‌లో అబ్బాయిలతో పోటీపడి బ్రిటిష్ ఫార్ములా 4 రేసు గెలిచిన తొలి మహిళ ఆమే.

కానీ డబ్ల్యూ సిరీస్ నిలవలేదు. 2022లో నిధులు అందక ఆఖరి రేసులు రద్దయ్యాయి. 2023 జూన్‌లో సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆ సీటునే నమ్ముకున్న డ్రైవర్లు ఉన్నట్టుండి రోడ్డున పడ్డారు. ఏ సిరీస్‌లో చేరబోయినా ముందు దాన్ని నడిపించే డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో, ఎన్నేళ్లకు హామీ ఉందో కనుక్కోవాలని ఈ సంఘటన నేర్పింది.

ఇప్పుడు నడుస్తున్నది ఎఫ్‌1 అకాడమీ. ఫార్ములా వన్ సంస్థే దీన్ని 2023లో మొదలుపెట్టింది. మేనేజింగ్ డైరెక్టర్ సూసీ వోల్ఫ్. 2014లో సిల్వర్‌స్టోన్‌లో విలియమ్స్ కారును ప్రాక్టీస్ సెషన్‌లో నడిపిన స్కాట్లాండ్ రేసర్ ఆమె. ఇక్కడ కార్లు ఫార్ములా 4 స్థాయివి. తొలి ఏడాది 5 జట్లు, 15 మంది డ్రైవర్లు, 21 రేసులు. అయితే ఇది ఉచితం కాదు. ఆ తొలి ఏడాది ఒక్కో కారుకు సంస్థ లక్షన్నర యూరోలు భరిస్తే, డ్రైవరు మరో లక్షన్నర తెచ్చుకోవాల్సి వచ్చింది. అప్పటి మారకం రేటులో కోటీ ముప్పై లక్షల పైమాటే. ఇంత మొత్తం చూసి గుండె జారడం సహజమే కానీ, యూరప్‌లో మంచి జట్టుతో మామూలు పద్ధతిలో ఎక్కే మెట్లకు ఇంతకంటే చాలా ఎక్కువ అవుతుంది. 2024 నుంచి ఫార్ములా వన్ జట్లు తలా ఒక డ్రైవరును తమ రంగుల్లో నిలబెడుతున్నాయి. రేసులు గ్రాండ్ ప్రీ వారాంతాల్లోనే జరుగుతాయి కాబట్టి, ఫార్ములా వన్ జట్ల బాసుల కళ్లు ఆ ట్రాక్ మీదే ఉంటాయి.

ఒక డ్రైవరు రెండు సీజన్లకు మించి ఇందులో ఉండకూడదన్న నియమం ఉంది. నాకు బాగా నచ్చినది ఇదే. ఇది స్థిరపడే చోటు కాదని నిబంధనలోనే రాసిపెట్టారు. 2023 విజేత మార్తా గార్సియాకు ఫార్ములా రీజనల్ యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో సీటు దక్కింది. 2024 విజేత పుల్లింగ్‌కు జీబీ3 సిరీస్‌లో ఖర్చంతా భరించిన సీటు దొరికింది. 2025 టైటిల్ ఫ్రాన్స్‌కు చెందిన డోరియాన్ పాన్‌ది. విజేతకు సూపర్ లైసెన్స్ పాయింట్లు 10 వస్తాయి. ఫార్ములా వన్ నడపాలంటే 40 కావాలి. అంటే పైన ఇంకా చాలా మెట్లు ఉన్నాయి, అవన్నీ అబ్బాయిలతో కలిసి ఎక్కాల్సినవే. చాడ్విక్ కూడా అమెరికా వెళ్లి ఇండీ ఎన్‌ఎక్స్‌టీ సిరీస్‌లో పోటీపడి, 2024లో రోడ్ అమెరికా సర్క్యూట్‌లో రేసు గెలిచింది.

ఈ సిరీస్‌లు అసలు ఇచ్చేదేమిటో తెలియాలంటే ఒక సెషన్ ముగిశాక గ్యారేజీలో ఏం జరుగుతుందో చూడాలి. హెల్మెట్ తీసి చెమట తుడుచుకుంటూనే డ్రైవర్ వెళ్లి ఇంజినీరు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. తెర మీద వేగం, యాక్సిలరేటర్, బ్రేక్ ఒత్తిడి, స్టీరింగ్ కోణం గీతలుగా కనిపిస్తాయి. ఆమె ల్యాప్ ఒక రంగులో, జట్టులో అందరికంటే వేగంగా వెళ్లినవారి ల్యాప్ ఇంకో రంగులో ఒకదాని మీద ఒకటి పరుస్తారు. వేగంగా వెళ్లినవారి బ్రేక్ గీత నిటారుగా లేచి, మలుపు మధ్య వరకూ మెల్లమెల్లగా వాలుతుంది. కొత్తవాళ్ల గీత బెరుకుగా లేస్తుంది, కాసేపు అలాగే ఉండి ఒక్కసారిగా పడిపోతుంది. బ్రేక్ అలా గభాలున వదిలేస్తే ముందు టైర్ల మీద బరువు తగ్గి కారు సరిగ్గా తిరగదు. తిరిగేదాకా ఆగాలి, యాక్సిలరేటర్ ఆలస్యంగా తొక్కాలి. ఒక మలుపులో పోయేది సెకనులో పదో వంతే. పన్నెండు మలుపుల్లోనూ అదే చేస్తే సెకనుకు పైగా పోతుంది, అంటే ముందు వరుసలో నిలవాల్సినవాళ్లు ఆఖర్న నిలుస్తారు. ఈ లోపాన్ని చెప్పడానికి ఇంజినీరుకు రెండు నిమిషాలు చాలు. పాదం నేర్చుకోవడానికి మాత్రం కొన్ని వందల ల్యాప్‌లు కావాలి. ఆ ల్యాప్‌లకే డబ్బు కావాలి. అమ్మాయిల సిరీస్ ఇచ్చేది ఆ ల్యాప్‌లను, వాటిని చదివి చెప్పే ఇంజినీరును. కప్పు కంటే ఇదే ఎక్కువ విలువైనది.

కండబలం సంగతి కూడా చెప్పాలి. ఫార్ములా 2 కార్లలో పవర్ స్టీరింగ్ ఉండదు. అమ్మాయిలకు ఇది నిజంగానే అడ్డంకి అయింది. 2024లో వచ్చిన కొత్త ఫార్ములా 2 కారులో స్టీరింగ్ తిప్పడానికి పట్టే బలాన్ని అన్ని రకాల డ్రైవర్లకూ సరిపోయేలా తగ్గించారు. అయినా మెడ, భుజాలు, ముంజేతుల వ్యాయామం పన్నెండు, పదమూడేళ్ల నుంచే మంచి కోచ్ దగ్గర మొదలుపెట్టాలి.

ఇక మన దగ్గరి దారి. మోటార్ స్పోర్ట్‌కు దేశంలో గుర్తింపు పొందిన సంస్థ ఎఫ్ఎంఎస్‌సీఐ. పోటీల్లో పాల్గొనడానికి లైసెన్స్ ఇచ్చేది అదే. వైద్య పరీక్ష, శిక్షణ పత్రం అడుగుతారు. కార్టింగ్‌కు రోడ్డు లైసెన్స్‌తో పని లేదు. మాల్ పక్కన పది నిమిషాలు అద్దెకు దొరికే కార్ట్ వేరు, రొటాక్స్ మ్యాక్స్ లాంటి జాతీయ పోటీల్లో వాడే రేసింగ్ కార్ట్ వేరు. మొదటిది సరదా, రెండోది వృత్తికి అక్షరాభ్యాసం. కారు రేసుల్లో కొత్తవారికి జేకే టైర్ నోవిస్ కప్ ఉంది. ఆ పైన ఎల్‌జీబీ ఫార్ములా 4 ఉంది. అందులో అమ్మాయిలతోనే ఒక జట్టును కూడా నడిపారు. యూరప్ ప్రమాణాల కార్లతో, అంతర్జాతీయ మోటార్ స్పోర్ట్ సమాఖ్య ఎఫ్ఐఏ గుర్తింపు ఉన్న ఇండియన్ ఫార్ములా 4 వేరే ఉంది. పోటీలు ఎక్కువగా ఇరుంగాట్టుకోట్టైలోని 3.7 కిలోమీటర్ల ట్రాక్‌లో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో జరుగుతాయి. తిరుపతి, నెల్లూరు పిల్లలకు ఇరుంగాట్టుకోట్టై హైదరాబాద్ కంటే చాలా దగ్గర.

ఇండియన్ రేసింగ్ లీగ్‌లో ప్రతి జట్టులోనూ ఒక మహిళా డ్రైవర్ ఉండాలన్న నియమం పెట్టారు. 2022లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున రేసులు పెట్టినప్పుడు హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ తరఫున పోటీపడిన ఫ్రెంచ్ అమ్మాయి లోలా లోవిన్‌ఫోస్ మరుసటి ఏడాది ఎఫ్‌1 అకాడమీ తొలి సీజన్‌లో ఉంది. అంటే ఆ స్థాయి పోటీ మన ఊరి నడిబొడ్డుకే వచ్చింది. పక్క సీటు మన అమ్మాయిదే కావాలంటే ఎనిమిదేళ్లప్పుడే కార్ట్ ఎక్కి ఉండాలి.

ఇంటర్‌లోనో డిగ్రీలోనో ఉండి ఇప్పుడే మొదలుపెడతానంటే నేను దాచకుండా చెప్పే మాట: ఎఫ్‌1 అకాడమీ మీకు అందదు. అక్కడికి పదహారేళ్లకే ఎనిమిది, తొమ్మిదేళ్ల అనుభవంతో వస్తారు. అలాగని రేసింగ్ మూసుకుపోయినట్టు కాదు. స్నేహా శర్మ విమాన పైలట్‌గా ఉద్యోగం చేస్తూనే దేశంలో ఫార్ములా కార్ల రేసులు నడిపింది. ఒక జీతం వచ్చే వృత్తి, దానితో పాటు జాతీయ స్థాయి రేసింగ్ అన్నది ఆలస్యంగా మొదలుపెట్టేవారికి గౌరవమైన మార్గమే. చదువు మానేసి, ఇల్లు తాకట్టు పెట్టి దిగడం మాత్రం వద్దు. ‘మా దగ్గర చేరితే రెండేళ్లలో యూరప్ పంపిస్తాం’ అనేవాళ్లుంటారు. ఎన్ని టెస్ట్ రోజులు, ఏ కారు, కారు దెబ్బతింటే ఖర్చు ఎవరిది అన్నవి కాగితం మీద రాయించుకోకుండా రూపాయి కూడా కట్టకండి. దెబ్బతిన్న కారు బిల్లే చాలా కుటుంబాలను ముంచుతుంది.

ఒక్క సీటు చుట్టూ పనిచేసేవాళ్లు మాత్రం ఎందరో. తెలుగు అమ్మాయిలకు నిజంగా ఎక్కువ అవకాశం కనిపించేది అక్కడే. లీనా గాడే పేరు గుర్తుపెట్టుకోండి. భారతీయ తల్లిదండ్రులకు బ్రిటన్‌లో పుట్టి, చిన్నప్పుడు కొన్నాళ్లు ఇండియాలో పెరిగి, మాంచెస్టర్‌లో ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చదివింది. 2011లో లె మాన్స్ 24 గంటల రేసులో ఆమె ఆడి జట్టులో ఒక కారుకు రేస్ ఇంజినీరు. జట్టు మిగతా రెండు కార్లూ ఘోర ప్రమాదాల్లో నుజ్జయ్యాయి. మిగిలింది ఆమె చూసుకుంటున్న కారొక్కటే. ఇరవై నాలుగు గంటల తర్వాత అది ప్యూజో కంటే 13.8 సెకన్ల ముందు గీత దాటింది. లె మాన్స్ గెలిచిన తొలి మహిళా రేస్ ఇంజినీరు ఆమే. 2012, 2014ల్లో మళ్లీ గెలిచింది. ఇప్పుడు రెడ్ బుల్‌లో రేసు వ్యూహాలు చూసే హన్నా ష్మిట్జ్, 2025లో హాస్ జట్టులో ఎస్తెబాన్ ఒకాన్‌కు రేస్ ఇంజినీరైన లారా ముల్లర్ ఉన్నారు. వీళ్లెవరూ కోట్లు పోసి సీటు కొనలేదు. చదువుతో వెళ్లారు.

కాబట్టి ఈఏపీసెట్ రాసి మెకానికల్, ఆటోమొబైల్, ఎలక్ట్రానిక్స్‌లో సీటు తెచ్చుకున్న అమ్మాయికి దారి తెరిచే ఉంది. డేటా ఇంజినీరుకు పైథాన్, మ్యాట్‌ల్యాబ్ బాగా రావాలి. టైరు ఎలా పనిచేస్తుందో, సస్పెన్షన్ మారిస్తే బరువు ఎటు మళ్లుతుందో లెక్కగట్టగలగాలి. బీటెక్ తర్వాత బ్రిటన్‌లోని క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ లాంటి చోట్ల మోటార్ స్పోర్ట్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ ఉంది. ఆ కోర్సు ఫీజుతో పాటు అక్కడ ఉద్యోగ వీసా నిబంధనలు కూడా ముందే చూసుకోండి. మార్కెటింగ్ వాళ్లకూ పని పెరుగుతోంది. షార్లెట్ టిల్‌బరీ అనే సౌందర్య సాధనాల సంస్థ, టామీ హిల్‌ఫిగర్ లాంటి బ్రాండ్లు ఎఫ్‌1 అకాడమీకి వచ్చాయి. వీటిలో మొదటిది రేసు కార్ల మీద ఇదివరకు కనిపించని పేరు. ఫిజియోలు, మీడియా మేనేజర్లు సరేసరి.

ఏ కొలువుకైనా ముందుగా రెండు పనులు చేయొచ్చు. ఒకటి, మార్షల్‌గా పేరు నమోదు చేసుకోవడం. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ లాంటి నిర్వాహకులకు శిక్షణ పొందిన స్వచ్ఛంద మార్షల్స్ ఎప్పుడూ కావాలి. పెద్దగా డబ్బు రాదు కానీ జెండాలు, నిబంధనలు, ప్రమాదం జరిగినప్పుడు చేయాల్సిన పనులు అన్నీ ట్రాక్ అంచున నిలబడే నేర్చుకుంటారు. రెండోది ఇంకా ముఖ్యం. కాలేజీ విద్యార్థులే కారు తయారుచేసి పోటీకి దిగే ఫార్ములా భారత్ కోయంబత్తూరులో జనవరిలో జరుగుతుంది. రిక్రూటర్లు మార్కుల కంటే ముందు దీని గురించే అడుగుతారు: మీ చేత్తో ఏ భాగం చేశారు, అది ఎందుకు విరిగింది, ఎలా సరిచేశారు అని. జనవరికి కారు ట్రాక్ మీద ఉండాలంటే డిజైన్ అంతకుముందు వేసవికే మొదలవ్వాలి. రెండో ఏడాదిలో ఉన్నవాళ్లు ఈ సెమిస్టర్‌లోనే హెచ్‌ఓడీని కలిసి, వర్క్‌షాప్ తాళం సాయంత్రాలు ఎవరి దగ్గర ఉంటుందో మాట్లాడుకోండి.