పాత మారుతికి కొత్త బుష్‌లు

ప్రశ్న: మాది 2006 మారుతి 800. గుంతల్లో ముందువైపు టకటకమంటోంది. సస్పెన్షన్ పార్టులు ఇంట్లోనే మార్చుకోవచ్చా?
– ఓ పాఠకుడు, ఖానాపూర్, నిర్మల్ జిల్లా

జవాబు: కొన్ని మార్చుకోవచ్చు. ముందు ఏది అరిగిందో తేల్చండి. జాకీతో లేపి, స్టాండు మీద నిలిపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బాల్ జాయింటో, వీల్ బేరింగో అయివుండొచ్చు. లోయర్ ఆర్మ్ బుష్ రబ్బరు పగిలితే చాలాసార్లు కంటికే కనిపిస్తుంది. కొత్త బుష్ వేశాక, చక్రం గాల్లో ఉండగానే బోల్టు పూర్తిగా బిగించేస్తారు చాలామంది. కారు దించగానే రబ్బరు మెలితిరిగి, త్వరగా చిరుగుతుంది. బరువు చక్రాలపై పడ్డాకే గట్టిగా బిగించాలి. స్ట్రట్ జోలికి మాత్రం వెళ్లకండి. స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా పైనట్టు విప్పితే ప్రాణాలకే ముప్పు. అది మెకానిక్ పని. చివర్లో వీల్ అలైన్‌మెంట్ చేయించండి. లేకుంటే టైర్లు ఒకపక్కే అరుగుతాయి.