ఇంటి ముందరి పచ్చిక నేలకు గాలి ఆడునట్లు చేయుట ఎట్లు?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో ఇండ్ల ముందర, పాఠశాలల ఆవరణలలో, పంచాయతీ కార్యాలయముల ఎదుట చిన్న చిన్న పచ్చిక మళ్లు పెంచుట వాడుకలోనికి వచ్చినది. దుమ్ము అణగును, కంటికి చల్లగా నుండును, పిల్లలు కూర్చుండుటకు చోటగును. అయితే మొదటి సంవత్సరము దట్టముగా పెరిగిన గరిక రెండు మూడు సంవత్సరములకు పలుచబడి, నడుమ నడుమ బోడి మచ్చలు తేలుట మీరు చూచియే యుందురు. అప్పుడు చాలమంది మరింత నీరు పోయుదురు. మరింత ఎరువు చల్లుదురు. అయినను ఫలము కనబడదు. ఏలయనగా అక్కడ కొరవడినది నేలలోని గాలి.

కడప జిల్లాలో ఏటికి సగటున సుమారు 700 మిల్లీమీటర్ల వర్షము కురియును. జిల్లా పడమటి భాగములలో అంతకన్న తక్కువ. ఏప్రిల్, మే మాసములలో ఎండ 40 డిగ్రీలు దాటును. ఇట్టి సీమలో బిందెడు నీరైనను వృథా కారాదు. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల పచ్చిక మడి 300 చదరపు అడుగులుండును. దానిపై అంగుళము మందమున నీరు పెట్టవలెనన్న సుమారు 700 లీటర్లు, అనగా 20 లీటర్ల బిందెలతో 35 బిందెలు కావలెను. నేల బిగిసియున్నచో ఈ నీటిలో కొంత వీధిలోనికి పారును. కొంత పైననే నిలిచి ఎండకు ఆవిరియగును. వేరునకు చేరునది కొంచెమే. కావున ఈ పనిని కేవలము అలంకారమునకై చేయు పనిగా తలపక, నీటి పొదుపు పనిగా తలపవలెను.

నేలలో గాలి ఎందులకు?

మంచి స్థితిలో నున్న నేలలో సుమారు సగము మాత్రమే మట్టి రేణువులు. మిగిలిన సగము రేణువుల నడుమనున్న సందులు. ఈ సందులలో కొంత నీరు, కొంత గాలి ఉండును. వేరు కూడ మనవలెనే ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు వాయువును విడుచును. నేలలోని సూక్ష్మజీవులును అట్లే చేయును. పైగాలికి రాకపోకలు లేనిచో బొగ్గుపులుసు వాయువు లోపలనే పేరుకొనును; ప్రాణవాయువు తరుగును. అప్పుడు వేరు నీటి నడుమనున్నను నీటిని పీల్చుకొనజాలదు. తడి నేలలోనే గరిక వాడుట ఇందుచేతనే. అది చూచి ఇంకను నీరు పోసినచో మిగిలిన గాలి కూడ వెడలిపోవును.

బంకనేలలో ఎండిన మట్టి ఒక ఘన సెంటీమీటరు బరువు సుమారు 1.5 గ్రాములకు చేరునంతగా నేల బిగిసినచో వేళ్లు లోనికి చొచ్చుకొనిపోలేవు. పైన రెండంగుళములలోనే చిక్కుపడి, నాలుగు దినములు నీరు లేకున్న మాడిపోవును.

మన నేలలు ఎట్లు గట్టిపడును?

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములలో నల్లరేగడి విస్తారము. ఇది తడిసిన ఉబ్బును, ఎండిన కుంచించుకొని నెర్రెలు విచ్చును. నెర్రెలు నేల తనంతట తాను గాలి పీల్చుకొను దారులే. కాని తడి రేగడిపై మనుష్యులు, పశువులు, బండ్లు తిరిగినచో రేణువులు ఒకదానికొకటి అతుక్కొని సందులు మూసికొనును. పశువు గిట్ట చిన్నదైనను దాని బరువంతయు ఆ చిన్నచోటనే పడును. మోటారుసైకిలు చక్రమును అట్లే.

ప్రొద్దుటూరు వంటి పట్టణములలో మరియొక చిక్కు కలదు. ఇల్లు కట్టునపుడు పునాదులు త్రవ్విన అడుగుమట్టి పైకి వచ్చును. పైనున్న సారవంతమైన మన్ను అడుగున పడును. సిమెంటు పెళ్లలు, బండ ముక్కలు అందులోనే కలిసిపోవును. ఆ పైన గరిక నాటినచో అది ఎంతకాలము నిలుచును?

పులివెందుల వైపు నల్లనేలలతోపాటు ఎర్రనేలలు కూడ కలవు. ఎర్రనేల పైభాగము వాన చినుకుల దెబ్బకు చెదిరి, ఎండగానే పెచ్చు కట్టును. ఈ పెచ్చు పలుచనిదే యైనను నీటిని, గాలిని అడ్డగించును. బోరు నీటిలో సోడియము ఎక్కువగా నున్నచోట్ల మట్టి కణములు విడిపోయి, నేల మరింత బిగియును.

మూడు సులభ పరీక్షలు

మొదటిది: నీరు పెట్టిన మరునాడు పాత సైకిలు పుల్లను గాని, సన్నని ఇనుప చువ్వను గాని చేతితో నేలలోనికి గ్రుచ్చుడు. మూడు నాలుగు అంగుళములు సులభముగా దిగినచో భయము లేదు. అంగుళము దిగి ఆగిపోయినచో నేల గట్టిపడినదని తెలియవలెను. ఒకచోట ఆగిన చువ్వకు రాయి అడ్డుపడి యుండవచ్చును గనుక పదిచోట్ల చూడవలెను.

రెండవది: రెండు ప్రక్కల మూతలు తీసిన డబ్బాను అంగుళము లోతుగా నేలలో దించి, అందులో చెంబెడు నీరు పోసి, అది ఇంకుటకు పట్టిన కాలము గుర్తింపుడు. తరువాత ఎవరును త్రొక్కని కంచె మూలలో అదే డబ్బాతో, అంతే నీటితో చూడుడు. రెండు కాలములకును గల భేదమే మీ నేల జబ్బు.

మూడవది: పారతో జానెడు చదరపు గడ్డను పెకలించి వేళ్లను చూడుడు. వేళ్లన్నియు పైననే అడ్డముగా ప్రాకియున్నచో క్రిందికి దారి లేదన్నమాట.

అదను, పదును

గరిక చురుకుగా పెరుగు కాలములోనే ఈ పని చేయవలెను. తొలకరి వానలు పడిన తరువాత జూన్ చివరి నుండి సెప్టెంబరు వరకు మంచి అదను. గుచ్చినప్పుడు తెగిన వేళ్లు అప్పుడు త్వరగా కోలుకొనును. ఎండలు మండు ఏప్రిల్, మే మాసములలో చేసినచో రంధ్రముల గుండ వేళ్లు ఎండిపోవును. చలికాలములో గరిక ఎదుగుదల మందగించును గనుక అప్పుడును వలదు.

అదనుకన్న పదును ముఖ్యము. మూడంగుళముల లోతునుండి పిడికెడు మట్టి తీసి ఉండ చేయుడు. ఉండ కట్టక పొడియైనచో నేల ఎండియున్నది. రెండు దినములు ముందుగా తడిపి మరల చూడవలెను. ఉండ జిగురుగా చేతికంటి, నొక్కిన పట్టీవలె సాగినచో తడి హెచ్చు, ఆగవలెను. ఉండ కట్టి, బొటనవ్రేలితో నొక్కగానే విడిపోయినచో అదియే సరియైన పదును. దుక్కి పదును ఎరిగిన రైతుకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

తక్కువ ఖర్చు పనిముట్లు

నగరములలో పెద్ద పచ్చికలకు గాలి రంధ్రములు చేయు యంత్రములు కలవు. 300 చదరపు అడుగులకు అవి అనవసరము. ఇంటనున్న గడ్డపారయో, ఫోర్కు అని పిలువబడు నాలుగు పళ్ల పారయో చాలును.

ఇంతకన్న మేలైనది గొట్టపు పనిముట్టు. చువ్వ గ్రుచ్చినపుడు మట్టి ప్రక్కకు నెట్టబడి రంధ్రపు గోడలు కొంత బిగియును. గొట్టము మట్టిని వత్తివలె పైకి తీయును గనుక ఆ దోషముండదు. నల్లరేగడికి ఇదియే తగినది. వెల్డింగు దుకాణములో పాత ఇనుప నీటి గొట్టము, ముప్పాతిక అంగుళము లావుది, మూడడుగుల ముక్క తీసికొనుడు. ఒక కొన లోపలివైపు ఆకురాయితో పదును పెట్టించుడు. ఆ కొనకు నాలుగంగుళముల పైన ప్రక్కగా రెండంగుళముల కిటికీ కోయించుడు; వత్తి అందుండి బయట పడును. పై కొనకు అడ్డముగా పట్టుకొనుటకు ఒక కడ్డీయు, అడుగునకు కొంచెము ఎగువన కాలితో నొక్కుటకు మరియొక కడ్డీయు అతికించుడు. తుక్కు ఇనుముతోనే ఇది తయారగును. నలుగురు ఇరుగుపొరుగువారు కలిసి ఒకటి చేయించుకొన్నచో అందరికిని సరిపోవును.

పని చేయు విధము

ముందుగా నీటి గొట్టములు, బోరు మోటారుకు పోవు కరెంటు తీగ ఎచ్చట పాతబడినవో తెలిసికొని, పుల్లలు పాతి గుర్తు పెట్టవలెను. ఆ చోట గడ్డపార వేయరాదు. ఇది మరువరాని సంగతి.

గరికను అంగుళమున్నర ఎత్తునకు కోసి, చెత్త ఏరివేయుడు. తరువాత అర అడుగునకు ఒకటి చొప్పున మూడు నాలుగంగుళముల లోతు రంధ్రములు వేయుడు. చదరపు అడుగునకు నాలుగు వంతున 300 చదరపు అడుగులకు 1200 రంధ్రములగును. నిమిషమునకు పది రంధ్రములు వేసినచో రెండు గంటల పని. ఒక్క దినమున కాకున్న ప్రొద్దుట, సాయంత్రము పంచుకొనవచ్చును. ఎక్కువ త్రొక్కుడు పడిన చోట రంధ్రములు మరికొంచెము దగ్గరగా ఉండవలెను. ఫోర్కు వాడువారు దానిని దించిన పిదప వెనుకకు కొంచెము వంచి తీసినచో నేల కదలి వదులగును. వెనుకకు నడచుచు పని చేసినచో వేసిన రంధ్రములను త్రొక్కకుందురు.

పైకి వచ్చిన మట్టి వత్తులను ఒక దినము ఆరనిచ్చి, చితుకగొట్టి పైననే చల్లవచ్చును. సిమెంటు పెళ్లలు, రాళ్లు ఉన్నచో ఏరివేయుడు. పిదప బాగుగా చివికి జల్లించిన పశువుల ఎరువు గాని, వానపాముల ఎరువు గాని పావు అంగుళము మందమున పరచి, చీపురుతో రంధ్రములలోనికి ఊడ్చుడు. మన 300 చదరపు అడుగులకు 15 కిలోల నూనె డబ్బాలతో సుమారు 11 డబ్బాలు పట్టును. చివికిన ఎరువు వలన రంధ్రములు తిరిగి మూసికొనవు, వానపాములు చేరును. 1881లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు చార్లెస్ డార్విన్ వానపాములు నేలను గుల్లచేయు తీరును గూర్చి ఒక గ్రంథమే ప్రకటించెను. మనము ఏడాదికొకమారు చేయు పనిని అవి దినదినము చేయును. కావున వాటికి ఆహారము పెట్టుట మన పని.

ఎరువు పరచిన తరువాత 250 గ్రాముల యూరియా సమముగా చల్లి వెంటనే నీరు పెట్టుడు. రెండు వారములు దానిపై ఎవరిని తిరుగనీయరాదు.

చేయకూడని పనులు

పెన్నా ఇసుక దొరకునుగదా యని నల్లరేగడిపై కొద్దిగా ఇసుక కలిపినచో నేల గుల్లకాదు. బంకయు ఇసుకయు కలిసి ఇటుకవలె గట్టిపడును. నల్లనేలకు చివికిన ఎరువే మందు. ఎర్రనేలలో పెచ్చు మాత్రమే అడ్డమైనచో గొట్టముతో పనిలేదు. ఇనుప గోరుతో పైపైన గీరి ఎరువు చల్లినను చాలును.

అడుగున మేకులు కొట్టిన చెప్పులు తొడిగి నడచుట కొందరు చేయుదురు. చిన్న మేకు అంగుళము లోతునకు మించి పోదు. మనిషి బరువు మాత్రము నేలపై పడును. ఇది లాభము లేని పని. సమము చేయుటకై తడి నేలపై రోలరు త్రిప్పుట అంతకన్న చెరుపు.

జిప్సము మంచిదని అందరును వేయరాదు. చౌడు నేలలో అది సోడియమును తొలగించి మేలు చేయును. మీ నేల చౌడు అగునో కాదో మట్టి పరీక్ష వలననే తెలియును. గ్రామములోని రైతు సేవా కేంద్రములో మట్టి నమూనా ఇచ్చి, ఫలితము తెలిసిన పిదపనే మోతాదు నిర్ణయించుకొనుడు.

మరల గట్టిపడకుండ

అందరు నడచు దారిలో అడుగుకొక కడప బండ పరచుడు. మన జిల్లాలో బండకు కొదువ లేదు. విరిగిన ముక్కలైనను పనికివచ్చును. అడుగు బండపై పడును గాని గరికపై పడదు. మోటారుసైకిళ్లకు వేరుచోటు చూపుడు. దినదినము చిలకరించుటకన్న, లోతుగా తడిసేటట్లు నీరు పెట్టి, మధ్య ఎడమిచ్చుట మేలు. నీరు క్రిందికి పోయినచో వేరును క్రిందికే పోవును.

చీనీ పాదులకును ఇదే సూత్రము

పులివెందుల చీనీ తోటల రైతులు ఈ సంగతిని తమ పాదులకు అన్వయించుకొనవచ్చును. పాదులో నీరు గంటల తరబడి నిలుచుచున్నచో అడుగున వేరు ఊపిరాడక కుళ్లుటకు దారి ఏర్పడును. బంక కారు తెగులునకును తడి నిలిచిన మొదలు అనుకూలము. అయితే చీనీకి ఆహారము తెచ్చు సన్నవేళ్లు ఎక్కువ భాగము పైమట్టిలోనే ఉండును గనుక గడ్డపారతో లోతుగా కుళ్లగింపరాదు. పైపెచ్చును తేలికగా గీరి, ఎరువు, ఎండుటాకులు పరచి, మొదటికి నీరు తగులకుండ మట్టి ఎగదోసి, వెలుపలి వలయములో నీరు పెట్టవలెను. తడి పాదుల నడుమ ట్రాక్టరు త్రిప్పరాదు.

మీరే చూచి నమ్ముడు

ఇంతయు మా మాట మీద నమ్మవలసిన పని లేదు. మీ పచ్చిక మడిని తాడు కట్టి రెండు భాగములు చేయుడు. ఒక భాగమునకు రంధ్రములు వేసి ఎరువు పరచుడు. రెండవ భాగమునకు అంతే ఎరువు, అంతే నీరు ఇచ్చి, రంధ్రములు మాత్రము వేయకుడు. రెండు నెలల తరువాత రెండు భాగములలోను చువ్వ గ్రుచ్చి, డబ్బాతో నీరు పోసి, వేళ్లు పెకలించి చూడుడు. గ్రామాధికారులు పంచాయతీ కార్యాలయము ముందరనో, పాఠశాల ఆవరణములోనో ఇట్లు చేసినచో ఊరివారందరును చూతురు. ఏ భాగములో నీరు త్వరగా ఇంకినదో ఆ లెక్క ఒక కాగితముపై వ్రాసి ఉంచుడు. వచ్చే వేసవిలో బిందెలు మోయునప్పుడు ఆ కాగితము పనికివచ్చును.