స్పెక్ట్రోస్కోపీ కేంద్రంలో రీసెర్చ్ ఇంజనీర్ అవుతారా?

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఫిజిక్స్ చదివినవాళ్లు ఫార్మా కంపెనీ, లెక్చరర్ పోస్టు, పీహెచ్‌డీ అని మూడు దారులే లెక్కేసుకుంటారు. నాలుగోదీ ఉంది. పరిశోధన సంస్థల్లో స్పెక్ట్రోస్కోపీ కేంద్రాన్ని నడిపే రీసెర్చ్ ఇంజనీర్ కొలువు అది. మన ప్రకటనల్లో టెక్నికల్ ఆఫీసర్, సైంటిఫిక్ ఆఫీసర్, ప్రాజెక్ట్ సైంటిస్ట్ వంటి పేర్లతో వస్తుంది. పేరు చూసి దాటెయ్యకండి, పని వివరాలు చదవండి.

ఎన్ఎంఆర్ (న్యూక్లియర్ మాగ్నెటిక్ రెసొనెన్స్) సంగతే తీసుకుందాం. హైదరాబాద్‌లోనే ఐఐసీటీ, సీసీఎంబీ, గోపన్‌పల్లిలోని టీఐఎఫ్ఆర్‌లలో ఈ యంత్రాలున్నాయి. 600 మెగాహెర్ట్జ్ యంత్రంలో అయస్కాంత క్షేత్రం 14.1 టెస్లాలు, అంటే భూమి క్షేత్రానికి రెండు లక్షల రెట్లకు పైమాటే. ఆ క్షేత్రాన్ని పుట్టించే తీగచుట్ట మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉంటుంది. హీలియం మనకు దిగుమతి సరుకు. మట్టం బాగా పడిపోతే తీగచుట్ట అతివాహకత పోగొట్టుకుంటుంది, హీలియం నిమిషాల్లో ఆవిరైపోతుంది. దీన్నే క్వెంచ్ అంటారు. అప్పుడు గదిలో ఆక్సిజన్ తగ్గి మనుషుల ప్రాణాలకే ముప్పు. అందుకే హీలియం ఆర్డరు ఎప్పుడు పెట్టాలి, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఏ గీత దాటకూడదు అన్నవి కూడా మీ బాధ్యతే.

అసలు పనితనం బయటపడేది మాత్రం సాంపిల్ దగ్గర. పరిశోధక విద్యార్థి ట్యూబ్ తెస్తాడు, స్పెక్ట్రమ్‌లో పీకులు వెడల్పుగా, అలికినట్టు వస్తాయి. సాంపిల్ సరిగా కరగలేదా? లోహపు మలినం ఉందా? షిమ్మింగ్ కుదరలేదా? ప్రోబ్ ట్యూనింగ్ తప్పిందా? తేల్చాల్సింది మీరే. ఇప్పుడు షిమ్మింగ్, ట్యూనింగ్ వంటివి యంత్రం తనంతట తానే చేసుకుంటుంది కాబట్టి చాలామంది బటన్ నొక్కడం దగ్గరే ఆగిపోతున్నారు. చేరిన కొత్తలో లాక్, షిమ్మింగ్, ట్యూనింగ్ చేత్తో చేసి నేర్చుకోండి. ఈ ప్రయోగంతో మీ ప్రశ్నకు జవాబు రాదని ప్రొఫెసర్‌గారికి కారణాలతో, మర్యాదగా చెప్పగల ధైర్యం ఆ సాధనతోనే వస్తుంది.

పీహెచ్‌డీ చేసి మెషీన్ ఆపరేటర్ అవుతావా అనేవాళ్లుంటారు. అది అన్యాయమైన మాట. ఫ్రాన్స్‌లో సీఎన్ఆర్ఎస్ సంస్థ రీసెర్చ్ ఇంజనీర్లను ప్రత్యేక శాశ్వత కేడర్‌గా నియమిస్తుంది. ప్రపంచంలో తొలి 1000 మెగాహెర్ట్జ్ ఎన్ఎంఆర్ యంత్రం 2009లో ఆ దేశంలోని లియోన్‌లోనే నెలకొంది. అలాంటి యంత్రానికి నిపుణుడైన మనిషి తోడు లేకపోతే అది కోట్ల ఖరీదైన ఇనుమే.

క్వాంటమ్ మెకానిక్స్ పునాది, కొంత ఎలక్ట్రానిక్స్, పైథాన్ వస్తే మంచిది. ఇంటర్వ్యూలో మార్కుల కంటే, మీరు పట్టుకుని సరిచేసిన ఒక లోపం గురించి వివరంగా చెప్పండి. పోస్టు శాశ్వతమా, ప్రాజెక్టు కాలానికేనా అని చేరకముందే అడగండి.

ఐఐటీ మద్రాస్ వంటి చోట్ల ఉన్న సైఫ్ (అధునాతన విశ్లేషణ పరికరాల) కేంద్రాలు బయటి కాలేజీల సాంపిళ్లనూ రుసుము తీసుకుని పరీక్షిస్తాయి. మీ ప్రాజెక్టు సాంపిల్ పంపండి. వీలైతే అనుమతి తీసుకుని వెళ్లి, యంత్రం పక్కన ఒక పూట కూర్చోండి. ఈ సెమిస్టర్‌లోనే మీ గైడ్‌ని అడగండి.