లావుగా ఉన్నవారికి చిన్న రంధ్రాల ఆపరేషన్ చేయవచ్చా?

"డాక్టరు గారూ, నాకు బరువు ఎక్కువ. కొంచెం తగ్గాక ఆపరేషన్ చేయించుకుంటాను." పెద్దప్రేగు క్యాన్సర్ అని తెలిసిన రోగులు కొందరు ఇలా అడుగుతారు. ఇది ప్రమాదకరమైన ఆలోచన. ఎందుకో తెలుసుకుందాం.

లాపరోస్కోపీ పద్ధతిలో పొట్టపై చిన్న రంధ్రాలు చేసి, కెమెరా, సన్నని పరికరాలు లోపలికి పంపుతారు. పరికరాలు కదలడానికి చోటు కావాలి కాబట్టి కార్బన్ డయాక్సైడ్ వాయువుతో పొట్టను ఉబ్బిస్తారు. గడ్డ ఉన్న ప్రేగు భాగాన్ని, దాని దగ్గరి లింఫు గ్రంథులను కలిపి తొలగించి, చిన్న కోత ద్వారా బయటికి తీస్తారు.

కొవ్వు వల్ల ఇబ్బంది ఏమిటి?

పొట్ట లోపలి కొవ్వు రక్తనాళాలను కప్పివేస్తుంది. ప్రేగును పక్కకు జరపడం కష్టమవుతుంది. పురీషనాళం ఇరుకైన కటి భాగంలో ఉంటుంది కనుక అక్కడ మరీ కష్టం. అందువల్ల:

1. ఆపరేషన్‌కు ఎక్కువ సమయం పడుతుంది.
2. మధ్యలో పెద్ద కోతకు మారవలసిన అవకాశం పెరుగుతుంది. ఇది వైఫల్యం కాదు, రోగి క్షేమం కోసం తీసుకునే నిర్ణయం.
3. గాయం చీము పట్టడం, తరువాత ఆ చోట హెర్నియా రావడం, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం ఎక్కువ.

అయితే ధైర్యం కోల్పోవద్దు. అనుభవం గల సర్జన్ చేస్తే లావుగా ఉన్నవారిలో కూడా క్యాన్సర్‌ను సరిగా తొలగించవచ్చు. పైగా దళసరి కొవ్వు మీద పెట్టిన పెద్ద కోత మానడం కష్టం కాబట్టి, వీరికి చిన్న రంధ్రాల వల్ల మేలే ఎక్కువ.

మీరు చేయవలసినవి

• బరువు తగ్గాలని ఆపరేషన్‌ను మీ అంతట మీరు వాయిదా వేయకండి. క్యాన్సర్ ఆగదు.
• పస్తులుండకండి. గాయం మానడానికి గుడ్లు, పప్పు, పెరుగు వంటి మాంసకృత్తుల ఆహారం అవసరం.
• షుగరు, బి.పి. అదుపులో ఉంచుకోండి. సిగరెట్, బీడీ వెంటనే మానండి.
• రోజూ నడవండి. నేర్పిన శ్వాస వ్యాయామాలు చేయండి.
• గట్టిగా గురక పెట్టే అలవాటు ఉంటే మత్తు డాక్టరుకు తప్పక చెప్పండి. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే ముందే తెలపండి.
• ఆపరేషన్ తరువాత డాక్టరు చెప్పగానే లేచి నడవండి.

ఇంటివారికి ఒక మాట: మలంలో రక్తం పడితే మొలలేనని సరిపెట్టుకోకండి. త్వరగా పరీక్ష చేయించండి.