టవర్ మీద మాస్ట్‌కు నీళ్ల పైపు సరిపోతుందా?

ప్రశ్న: మాది పటాన్‌చెరు. హామ్ రేడియో కోసం మేడ మీద టవర్ వేశాను. యాగీ యాంటెన్నాకు 40 ఎంఎం జీఐ పైపు మాస్ట్‌గా చాలుతుందా?

జవాబు: పైపు టవర్ తల దాటి ఎంత పైకి లేస్తుందో దాన్నిబట్టి ఉంటుంది. మన ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం మీ పక్కనున్న హైదరాబాద్‌కు మూల గాలివేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు దాదాపు 158 కిలోమీటర్లు. ఆ గాలి అర చదరపు మీటరు యాంటెన్నాను సుమారు 60 కిలోల బలంతో తోస్తుంది. యాంటెన్నా టవర్ పైన 1 మీటరులోపు ఉంటే మీడియం రకం పైపు ఓర్చుకుంటుంది. 3 మీటర్లకు లేపారా, వంచే బలం మూడింతలై పైపు వంగిపోతుంది. మరో యాంటెన్నా పెట్టాలన్న ఆశతో పైపును ఎత్తుకు లేపి చాలామంది ఇక్కడే పొరబడతారు.

నా సలహా: 50 ఎంఎం హెవీ రకం, అతుకులేని ఒకే ముక్క తీసుకోండి. మరలున్న సాకెట్ వేసి పొడిగించవద్దు, విరిగేది అక్కడే. ఈ 50 ఎంఎం పైపు బయటి వ్యాసం 60.3 ఎంఎం, యాంటెన్నాను తిప్పే రోటార్ క్లాంపుకు పడుతుందో కొనేముందే కొలవండి. కనీసం మీటరు పైపు టవర్ లోపలికి దిగాలి. మీ పటాన్‌చెరు ఫ్యాక్టరీల గాలికి పైపు కోసిన అంచులు త్వరగా తుప్పుపడతాయి, జింక్ పెయింట్ పూయండి. టవర్‌కు ఎర్తింగ్ తప్పనిసరి. అన్నిటికన్నా ముందు, టవర్ ఏ వైపు పడినా కరెంటు తీగలను తాకని చోటేనా చూడండి.