లేని వార్తను మోసినవాడు

నిర్గమకాండము 23:1లో మన తెలుగు బైబిలు అబద్ధపు వార్త ‘పుట్టించడం’ గురించి చెబుతుంది. నేను పుట్టించలేదుగా అనుకుంటాం. కానీ అక్కడి హీబ్రూ క్రియ ‘నాసా’కు ఎత్తుకోవడం, మోయడం అని అర్థం. ఫార్వర్డ్ చేయడమంటే అదే కదా!

వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు ఉంటే ఆ మెసేజ్ కనీసం ఐదు చేతులు మారిందని లెక్క. ఆ గుర్తు చూసి కూడా, కాకరరసంతో షుగర్ పోతుందన్న మెసేజ్‌ని మన ప్రార్థన గ్రూపులో పెట్టాను. ఒక ఆంటీ పది రోజులు మాత్రలు మానేశారు. "నువ్వు పంపావని నమ్మాను బాబూ" అన్నారు. కంప్యూటర్లు చదివినవాడి మాట మరి!

ఆదివారం ఆరాధన అయ్యాక ఆమెను క్షమాపణ అడిగాను. డాక్టరును అడగకుండా మాత్రలు మానవద్దని గ్రూపులో రాసి, నా తప్పు ఒప్పుకున్నాను. ఆ మెసేజ్‌ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.