రంగు పోయిన నీరు శుద్ధమైనదేనా?

చక్కెర మిల్లుల మొలాసిస్‌ను పులియబెట్టి ఆల్కహాలు తీసిన పిదప ముదురు గోధుమరంగు వ్యర్థజలం మిగులుతుంది. లీటరు ఆల్కహాలుకు ఇది సుమారు 8 నుండి 15 లీటర్లు. ఈ రంగుకు ముఖ్య కారణం మెలనాయిడిన్లు. చక్కెరలు, అమైనో ఆమ్లాలు వేడికి సంయోగం చెందగా ఇవి ఏర్పడతాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయార్ వివరించిన ఈ చర్యయే రొట్టె పైపొరకు రంగునిస్తుంది.

సూక్ష్మజీవులు మెలనాయిడిన్లను సులభంగా విచ్ఛిన్నం చేయలేవు. ఆ నీటిని కాలువలోకి వదిలితే సూర్యరశ్మి లోనికి చొరదు. ప్రాణవాయువు క్షీణించి చేపలు మరణిస్తాయి.

దీనికి రసాయనిక ఆక్సీకరణం ఒక మార్గం. ఓజోన్ రంగునిచ్చే ద్విబంధాలను ఛేదిస్తుంది. 1894లో ఫెంటన్ ప్రకటించిన పద్ధతిలో ఇనుప లవణం, హైడ్రోజన్ పెరాక్సైడు ఆమ్లద్రావణంలో, పిహెచ్ సుమారు 3 వద్ద, చురుకైన హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తాయి. రంగు విరిగిపోతుంది.

అయితే బంధం తెగినంత మాత్రాన అణువు పూర్తిగా నశించదు. రంగులేని శకలాలు నీటిలోనే మిగలవచ్చు. కనుక రంగుతోపాటు రసాయనిక ఆక్సిజన్ అవసరాన్ని కూడా కొలవాలి. ఆ శకలాలలో అనేకం సూక్ష్మజీవులకు ఆహారం కాగలవు. అందుచేత ఆక్సీకరణం తరువాత జీవశుద్ధి జరపడం మేలు.

తేటనీరంతా మంచినీరు కాదు.